నేటి కవిత్వమున మోటుమాట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగా ఒక పల్లెలో పుస్తకాల గది తలుపు ప్రతి సాయంకాలము తెఱచుచుండుట సామాన్యమైన పని కాదు. దానికై శ్రమించిన వారందఱికి నమస్కరించి నాకప్పగించిన విషయమునకు వచ్చుచున్నాను. నేటి కవిత్వములో మోటుమాటకు చోటున్నదా, ఉన్నచో ఎంతవఱకు అని కార్యదర్శిగారు నన్నడిగిరి. అడుగుటకు కారణమును కూడ దాచలేదు. కొత్త కవిత్వపు పుస్తకములు కొన్ని మన బీరువా పైయఱలో తాళము వేసి యున్నవట. వానిని అందఱికి అందునట్లు పెట్టవలెనా వలదా యని కార్యవర్గములో రెండభిప్రాయములున్నవట. కావున నేను చెప్పబోవు నాలుగు మాటలకు ఒక తాళపుచెవితో సంబంధము కలదు. దీనిని వట్టి సాహిత్యచర్చగా భావింపవలదని ప్రార్థన.

మోటుమాటకు మన లక్షణగ్రంథములు పెట్టిన పేరు గ్రామ్యము. గ్రామ్యమనగా గ్రామమునకు చెందినది. నగరమున నుండువాని మాట నాగరకము, పల్లెలో నుండువాని మాట దోషము. ఈ పేరు పెట్టిన పండితుడు ఏ ఊరివాడో, ఎవరు పండించిన గింజలు తినెనో మనకు తెలియదు. పల్లెలోనే ఈ సభ జరుగుచున్నది గనుక ఈ యన్యాయమును ముందుగా మీ యెదుట పెట్టుట న్యాయమని తలచితిని.

అయితే ఆ పెద్దలను ఊరక దూషించుట కూడ తగదు. కాశ్మీర దేశపు మమ్మటాచార్యుడు తన కావ్యప్రకాశములో అశ్లీల దోషమును మూడు విధములుగా చెప్పెను. వినువానికి సిగ్గు కలిగించునది వ్రీడ. రోత పుట్టించునది జుగుప్స. చావు మొదలగు అశుభమును స్ఫురింపజేయునది అమంగళము. నేడు మనము బూతు అనగానే పడకటింటి మాట నొక్కదానినే తలచుచున్నాము. వెనుకటివారి లెక్కలో చీము, నెత్తురు, శవము కూడ అశ్లీలమే. అంతకంటె ముఖ్యమైన దొకటున్నది. ఇవి దోషములని చెప్పిన ఆచార్యుడే, చెప్పువానినిబట్టి, సందర్భమునుబట్టి ఇవే గుణములగునని కూడ చెప్పెను. పామరపాత్ర నోట గ్రామ్యము శోభించును. దేహముపై విరక్తి కలిగింపదలచిన వాడు రోతను చూపక తప్పదు. అనగా మాటలో పాపము లేదు, వాడిన చోటులో నున్నదని వారికి తెలియును. ఈ రెండవ వాక్యమును మఱచి మొదటి వాక్యమునే వల్లించుట తరువాతి వారి పని.

మన తెలుగులో మోటుమాటకు కఱవెన్నడును లేదు. వేమన సంగతి మీకు చెప్పనక్కఱ లేదు. ఇక్కడ పెద్దవారిలో సగము మందికి ఆయన పద్యములు నోటికి వచ్చును, వానిలో ఏవి పిల్లల యెదుట చదువరో కూడ తెలియును. కవి చౌడప్ప పేరు చెప్పగానే పండితులు ముసిముసిగా నవ్వుదురు. శ్రీనాథుని పేర తిరుగుచున్న చాటువులలో కొన్నిటిని ఈ మైకు ముందు చదువుటకు నాకు ధైర్యము చాలదు.

ఇక ప్రబంధములను చూడుడు. నాయికా వర్ణనములో నితంబము, జఘనము అను మాటలు పుటపుటకు కనబడును. ఉపాధ్యాయుడు తరగతిలో "నితంబిని యనగా స్త్రీ" యని అర్థము చెప్పి నిర్భయముగా ముందునకు సాగును. అదే పద్యములో పిరుదు అను తెనుగుమాట తగిలెనా, వెనుక బల్లలమీద నవ్వు మొదలగును. అవయవ మొక్కటే. ఒక పేరు పట్టుబట్ట కట్టుకొన్నది, మఱియొక పేరు గోచి పెట్టుకొన్నది. మనము మోటుదనమని పేరు పెట్టిన దానిలో పెద్ద భాగము ఇట్టి బట్టల తేడాయే యని నా యభిప్రాయము.

కులము, ప్రాంతము ఈ లెక్కలో చేరినప్పుడు సంగతి మఱింత స్పష్టమగును. కోస్తా జిల్లాల పుస్తకభాష ప్రమాణముగా చెలామణి యైన కాలమున, తెలంగాణపు పలుకుబడిని చలనచిత్రములలో హాస్యగానికో, రౌడీకో అంటగట్టిరి. ఆ పలుకుబడిలోనే కాళోజీ నారాయణరావు కవిత్వము చెప్పెను. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9వ తేదీ 2014 నుండి తెలంగాణ భాషాదినోత్సవముగా జరుగుచున్నది. 1995లో "చిక్కనవుతున్న పాట" అను దళిత కవితా సంకలనము వెలువడినప్పుడును ఇట్టి ఫిర్యాదే వినవచ్చెను. తోలు, డప్పు, గొడ్డుమాంసము కవిత్వమునకు తగిన మాటలా యని కొందఱు నొసలు చిట్లించిరి. ఆ మాటలు ఎవరిని తిట్టినవి? అవి వారి యింటిలో ప్రొద్దున లేచినది మొదలు వాడుకొను వస్తువుల పేర్లు. ఒకని యింటి వస్తువు మఱియొకని చెవికి బూతుగా వినబడినచో చికిత్స ఎవరికి చేయవలెనో మీరే చెప్పుడు.

ఇంతవఱకు చెప్పినది సులువైన భాగము. మోటుమాటలో నిజముగా తిట్టు అనదగినది యున్నది, దానిని కవిత్వములోనికి బుద్ధిపూర్వకముగా తెచ్చినవారున్నారు. వారిని తప్పించి ఈ ప్రసంగమును ముగించుట పిఱికితనమగును.

1965లో హైదరాబాదులో ఆఱుగురు యువకులు తమ సొంత పేర్లను, ఆ పేర్లలోని కులపు తోకలను విడిచిపెట్టి నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అను పేర్లు పెట్టుకొని, దిగంబర కవులమని ప్రకటించుకొనిరి. మొదటి సంపుటమును అర్ధరాత్రివేళ ఒక రిక్షా కార్మికుడు ఆవిష్కరించెను. 1966లో విజయవాడలో రెండవదానిని ఒక హోటలు కార్మికుడు, 1968లో విశాఖపట్టణమున మూడవదానిని ఒక బిచ్చగత్తె ఆవిష్కరించిరి. పుస్తకావిష్కరణ మనగా మంత్రిగారు, పూలదండ, శాలువ అనుకొను లోకమునకు ఇదియే మొదటి తిట్టు. లోపలి పుటలలో చీము, వాంతి, మురుగు, సుఖరోగము, సందులలోని బూతులు వరుసగా దిగినవి. పత్రికలలో గగ్గోలు పుట్టెను. ఇట్టి అలజడి మన యొక్కచోటనే కలుగలేదు. అమెరికాలో గిన్స్‌బర్గు కావ్యము 1957లో న్యాయస్థానము మెట్లెక్కి నిర్దోషముగా దిగివచ్చెను. కలకత్తాలో ఆకలి తరము కవియైన మలయ్ రాయ్ చౌధురిని 1964లో నిర్బంధించిరి. క్రింది కోర్టు విధించిన రెండువందల రూపాయల జుల్మానాను హైకోర్టు 1967లో కొట్టివేసెను.

వారెందుకట్లు వ్రాసిరి? ఆనాటి దేశస్థితిని తలచుకొనుడు. చైనాతో, పాకిస్తానుతో యుద్ధములు జరిగినవి. తిండిగింజలకై అమెరికా ఓడలవైపు చూడవలసి వచ్చెను. స్వరాజ్యము వచ్చి పదునెనిమిదేండ్లైనను కూలివాని గంజి చిక్కబడలేదు. కవిత్వము మాత్రము వెన్నెలలో తడియుచునే యున్నది. మూడవ సంపుటము వెలువడిన 1968వ సంవత్సరముననే కృష్ణాజిల్లా కంచికచర్లలో కోటేశు అను దళిత యువకునిపై దొంగతనము మోపి నిలువున కాల్చి చంపిరి. మమ్మటుని మూడు విధములను దీనికి అన్వయించి చూడుడు. సిగ్గు, రోత, అశుభము మూడును ఈ యొక్క పనిలో పరిపూర్ణముగా నున్నవి. ఇంతటి అశ్లీలము పట్టపగలు జరిగిన దేశములో ఒక పద్యములోని మాట అశ్లీలమని తగవు పెట్టుకొనుట వింతగానే యుండును. దిగంబర కవుల కోపమునకు ఆధారము లేదని చెప్పగలవాడు ఆ కాలమును చూడనివాడో, చూచియు కన్ను మూసికొన్నవాడో అయి యుండవలెను.

కోపము న్యాయమైనంత మాత్రమున ప్రతి మాటయు న్యాయమగునా? ఇచ్చటనే నాకు వారితో పేచీ యున్నది.

తిట్టు ఎట్లు పని చేయునో మీకు తెలిసినంతగా పట్టణవాసులకు తెలియదు. కాలువ తూము దగ్గఱ నీటి వంతుకై ఇద్దఱు రైతులకు మాట మాట వచ్చినదనుకొందము. మొదటివాడు రెండవవాని తల్లిని తిట్టును. రెండవవాడు మొదటివాని ఆలిని తిట్టును. మూడవ తిట్టు చెల్లెలికి తగులును. నీరు తీసికొన్నవాడు, నీరు పోయినవాడు ఇద్దఱును క్షేమముగా నిలుచుండగా, ఇంటిలో పొయ్యి దగ్గఱ కూర్చున్న ఆడువారు మువ్వురు తిట్లు తినిరి. స్త్రీలను విడిచినప్పుడు ఏదో యొక కులము పేరు, ఏదో యొక వృత్తి పేరు తిట్టుగా వచ్చును. ఆ కులమువాడెవడును ఆ తూము దగ్గఱ లేనే లేడు. మన తిట్లలో ఎక్కువ భాగము ఇట్లు గుఱి తప్పి, అక్కడ లేని బలహీనునికి తగులునవే.

ఒక్క మాటను ఉదాహరణగా తీసికొనుచున్నాను. వెధవ అను మాటను మనము బూతుగా లెక్కింపము. తండ్రి కొడుకును ముద్దుగా కూడ వెధవా యనును. చలనచిత్రములో హాస్యమునకు వాడుదురు. ఏ పత్రికయు దానిని చుక్కలతో అచ్చువేయదు. ఆ మాటకు మూలము విధవ. భర్త చనిపోయిన స్త్రీ పేరు మన భాషలో పనికిమాలినవానికి పర్యాయపదమైనది. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరములో వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఆ తరువాత నూఱేండ్లు దాటి మఱి నలుబదియేండ్లు పైగా గడచినవి. వివాహములు జరిగినవి, చట్టములు వచ్చినవి, మాట మాత్రము అట్లే యున్నది. మర్యాదస్థులు నిస్సంకోచముగా వాడుకొను ఈ మాట, దిగంబర కవుల మురుగుకాలువ కంటె శుభ్రమైనదని నేను చెప్పజాలను.

కవి వీధిలోని తిట్టును ఎత్తుకొన్నప్పుడు దాని వెనుకనున్న అప్పును కూడ ఎత్తుకొనును. దిగంబర కవులు దొరతనమును, ధనికుని, కపట సన్న్యాసిని తిట్టదలచిరి. తిట్టునకు వీధినుండి తెచ్చుకొన్న సామగ్రి మాత్రము పలుమాఱు స్త్రీ దేహమే యైనది. చెడిన సమాజమునకు వేశ్య పోలిక. అమ్ముడుపోయిన నాయకునికి ఆమె పడుపువృత్తి పోలిక. ఆ పోలికలో ఎవరు తిట్టుపడిరి? నాయకునికి చీమకుట్టినట్లైనను లేదు. ఆకలికి దేహమమ్ముకొన్న దిక్కులేని స్త్రీ, ఎవరి పక్షమున తాము నిలిచితిమని ఆ కవులు చెప్పుకొనిరో ఆ స్త్రీయే, మఱియొకమాఱు నలుగురిలో అవమానము పొందెను. ఒక బిచ్చగత్తె చేత పుస్తకమును ఆవిష్కరింపజేసిన వారికి ఇది తట్టకపోవుట నాకు విచారముగా నున్నది.

రెండవ పేచీ చిన్నది. తిట్టు ఉప్పువంటిది కాదు, మిరపకాయవంటిది. మొదటి ముద్దలో నోరు మండును, పదవ ముద్దకు నోరు మొద్దుబారును. మూడు సంపుటములను ఒక్క కూర్చుండుటలో చదివినవారికి ఈ యనుభవము కలుగును. ఆ కవులకును ఇది తెలిసియుండవలెను. 1970లో విప్లవ రచయితల సంఘము పుట్టినప్పుడు వారిలో నలుగురు అందులో చేరిరి. 1971లో జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజు నిర్బంధచట్టము క్రింద చెఱసాలకు పోయిరి. ఆ శిక్ష బూతులకు కాదు, రాజకీయములకు. 1977 నవంబరు ఉప్పెనలో దివిసీమ శవాలదిబ్బ కాగా నగ్నముని "కొయ్యగుఱ్ఱం" వ్రాసెను. ఆ దీర్ఘకవిత నిలిచినది తిట్టు బలముచేత కాదు. చెప్పవలసిన ఘోరము కన్నుల యెదుట నున్నప్పుడు దానిని ఉన్నదున్నట్లు చెప్పుటకే కవి శక్తియంతయు చాలలేదు; తిట్టుటకు తీరిక ఎక్కడిది?

ఇప్పుడు దీనికి ఎదురుగా మఱియొక కథ. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరి ప్రతాపసింహుని ఆస్థానములో ముద్దుపళని యను కవయిత్రి "రాధికాసాంత్వనము" వ్రాసెను. పురుషకవులు వ్రాసిన శృంగారమునకు అలవాటుపడిన లోకమే ఆమె శృంగారమునకు ఉలికిపడెను. వీరేశలింగము పంతులుగారు, స్త్రీలు వినదగనివి, స్త్రీ నోట రాదగనివి అందులో ఉన్నవని నిందించిరి. వితంతువుల కన్నీరు తుడిచిన చేయియే ఈ మాటలు వ్రాసెననుట చరిత్రలోని చిత్రములలో నొకటి. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో ఆ కావ్యమును శ్రద్ధతో పరిష్కరించి వావిళ్ళవారిచే అచ్చువేయించిరి. తెల్లదొరతనము దానిని నిషేధించెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప, 1952లో గాని వావిళ్ళవారి ప్రతి మరల వెలుగు చూడలేదు.

అది పాతకాలమని తలపవలదు. 1980 తరువాత మన కవయిత్రులు తమ బ్రతుకును తాము వ్రాయసాగిరి. కొండేపూడి నిర్మల ప్రసవవేదనను "లేబర్ రూం"లో చెప్పెను. జయప్రభ పైటను గుఱించి వ్రాసెను. వారి కవితలనేకము 1993లో "నీలిమేఘాలు" సంకలనములో చేరినవి. పెద్దపెద్ద విమర్శకులు ఇది బూతు కవిత్వమనిరి, నీలి కవిత్వమనిరి. ఆ పుస్తకమును నేను రెండుమాఱులు చదివితిని. వీధి తిట్టు కొఱకు వెదకువారికి అందులో నిరాశయే మిగులును. పురుడు, నెత్తురు, నొప్పి, చూపు, భయము అను మాటలున్నవి. పురుషుడు స్త్రీ దేహమును తిట్టుగా వాడినప్పుడు దానికి ధర్మాగ్రహమని పేరు వచ్చెను. స్త్రీ తన దేహము నొప్పియెట్టుచున్నదని చెప్పినప్పుడు బూతని పేరు వచ్చెను. పురుడు పోసుకొన్న తల్లులు ఈ సభలో ఎందఱో యున్నారు. మీరనుభవించినది మాటగా చెప్పినచో బూతగునని మీకెవరైనను చెప్పినయెడల, మీ జవాబేమో వినవలెనని నాకు కుతూహలముగా నున్నది.

ఇక తాళము సంగతి. పిల్లలు చెడిపోవుదురను పెద్దల భయమును నేను పరిహసింపను. కన్నవారికి ఆ భయముండుట సహజము. కాని మన తిరునాళ్ళలో, పెండ్లిపందిళ్ళలో మైకుపెట్టి వినిపించు చలనచిత్రపు పాటలను తలచుకొనుడు. వానిలో ఒక్క మోటుమాట యుండదు. మామిడిపండు, జామకాయ, గళ్ళచీర అన్నియు మర్యాదగల మాటలే. వాని వెనుకనున్న అర్థము మాత్రము పదేండ్ల పిల్లవానికి కూడ తెలియును, వాడు ఎగురుచునే యుండును, మనము చదివింపులు వ్రాసికొనుచుందుము. అచ్చట మాట శుభ్రము, భావము మురికి. ఈ బీరువాలోని పుస్తకములలో చాలచోట్ల మాట మురికి, భావము శుభ్రము. మొదటిదానికి మైకునిచ్చి రెండవదానికి తాళము వేయుట ఏ న్యాయమో నాకు బోధపడుటలేదు.

ఒక భేదమును మాత్రము అంగీకరింపవలెను. పుస్తకమును తెఱచువాడు తన యిష్టముతో తెఱచును, రుచింపనిచో మూయును. సభలో కూర్చున్నవానికి ఆ స్వేచ్ఛ లేదు. అందుచేతనే నేను ఇంతసేపు మోటుమాటను గుఱించి మాటాడియు, ఆ పుస్తకములలోని మాటనొక్కదానినైనను ఇచ్చట ఉచ్చరింపలేదు. పదుగురిలో పలుకుటకు, ఒంటరిగా చదువుకొనుటకు వేఱువేఱు మర్యాదలున్నవి. గ్రంథాలయము రెండవదానికై కట్టిన ఇల్లు.

కార్యవర్గమువారికి నా మనవి యొకటే. ఆ పుస్తకములను పైయఱనుండి దింపి ప్రబంధముల ప్రక్కన పెట్టుడు. ప్రత్యేకముగా వేఱొక పట్టీ వ్రాయవలదు, ఎఱ్ఱసిరా గుర్తు పెట్టవలదు. బడిపిల్లలకు ఇచ్చు విషయములో గ్రంథపాలకుడు ఇతర పుస్తకములకు వాడు విచక్షణనే వీనికిని వాడవచ్చును. చదివినవారు నెలకొకమాఱు సాయంకాలము ఈ గదిలోనే కూర్చుండి, ఏ తిట్టు ఎవరికి తగిలినదో, ఏ మాట అక్కఱకు వచ్చినదో, ఏది దండుగయైనదో వాదించుకొనినచో మఱియు మంచిది. ఆ వాదములో స్త్రీలు తప్పక యుండవలెను. వారు లేనిచో తూము దగ్గఱి తగవే ఇచ్చటను జరుగును.

నా వద్దనున్న "నీలిమేఘాలు" ప్రతిని, "చిక్కనవుతున్న పాట" ప్రతిని ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయమునకు ఇచ్చుచున్నాను. మొదటిదానికి అట్ట కొంచెము చినిగినది, కుట్టించవలసి యుండును. కార్యదర్శిగారు వీనిని దయతో స్వీకరించి, ఇప్పుడే, మీ యందఱి యెదుట, మామూలు పుస్తకాల పట్టీలోనే వరుస సంఖ్య వేయింపవలెనని కోరుచున్నాను.